రోహిణి కార్తెలో అత్తవారి పెరడు

మే నెలాఖరు, బుధవారం

ఎండలు ముదిరాక సెలవు దొరికితే జనం ఊటీకో, కొడైకెనాల్‌కో, కనీసం అరకుకో వెళ్తారు. నేను హైదరాబాదు నుంచి కడియం దగ్గరున్న అత్తవారి ఊరికి వచ్చాను, అదీ రోహిణి కార్తెలో. "అందరూ ఎండను తప్పించుకుని పోతుంటే మీరు ఎదురు వెళ్తున్నారేమిటి?" అని ఆఫీసులో ఒకాయన ఆశ్చర్యపోయాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. హైదరాబాదు ఎండ పొడిగా కాలుస్తుంది, ఇక్కడిది ఉడకబెడుతుంది. నీడలో కదలకుండా కూర్చున్నా చొక్కా వీపుకి అతుక్కునే ఉంటుంది. తెలిసే వచ్చాను. కొండ మీది ఊరికి వెళ్తే ఏ గది తీసుకోవాలి, ఎక్కడ తినాలి, ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి అని పొద్దున లేచింది మొదలు తేల్చుకుంటూనే ఉండాలి. ఇక్కడ నేను తేల్చుకోవలసింది ఒక్కటే, స్నానం టిఫినుకు ముందా తర్వాతా అని. అది కూడా అత్తయ్యగారే తేల్చేస్తున్నారు.

తెల్లవారుజామున గిలక చప్పుడుకు మెలకువ వచ్చింది. పెరట్లోకి వెళ్లి చూస్తే మామయ్యగారు అప్పటికే నీళ్లు తోడుతున్నారు. ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. తోటలో కూడా లెక్క తప్పరు. కరివేపాకుకు నాలుగు చెంబులు, జామకు ఆరు, మందారానికి మూడు. బంతి మడికి మాత్రం చెంబుతో కాదు, చేత్తో చిలకరింపు. నేను బాల్టీ అందుకోబోతే ఆయన అంగీకరించలేదు.

"ఇలా ఇవ్వండి మామయ్యగారూ, నేను పోస్తాను."

"మీరు కూర్చోండి బాబూ. కాఫీ చల్లారిపోతుంది."

కాఫీ తాగేసి మళ్లీ వెళ్లాను. ఈసారి పేపరు వచ్చిందన్నారు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఈ ఊళ్లో నేను ఇంకా కొత్త అల్లుడినే. హైదరాబాదులో నా మేడ మీద కుండీలు, సంచులు కలిపి చిన్న అడవే పెంచుతున్నానని ఆయనకు తెలుసు. ఫోటోలు చూసి మెచ్చుకున్నారు కూడా. కానీ గోదావరి జిల్లాలో అల్లుడి చేత నీళ్లు తోడిస్తే పక్కింటివాళ్లు చూస్తారు. ఆయన బాధ అది.

బావిలో నీళ్లు చాలా కిందికి పోయాయి. దాళ్వా (రబీ వరి) కోతలు అయిపోయాక కాలువలు కట్టేస్తారు. జూన్‌లో సార్వాకు (ఖరీఫ్ వరికి) మళ్లీ నీళ్లు వదిలేలోపు పూడికలు తీయాలి, లాకుల మరమ్మతులు చూసుకోవాలి. ఈ మధ్యకాలమంతా కాలువ ఎండిపోయి ఉంటుంది. దాని ఊట మీద బతికే బావులు కూడా దానితోపాటే తగ్గిపోతాయి. నిన్న సాయంత్రం కాలువలోకి దిగి చూశాను. పిల్లలు లోపల వికెట్లు పాతి క్రికెట్ ఆడుకుంటున్నారు. ఊరి సెంటరులో కాటన్ దొర విగ్రహానికి మే 15న ఆయన పుట్టినరోజని వేసిన దండ ఇంకా అలాగే ఉంది, పూలన్నీ ఎండి గోధుమరంగుకు వచ్చాయి. 1852లో ఆయన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక గానీ ఈ ప్రాంతం పచ్చబడలేదు. ఆ పచ్చదనానికి ఏడాదికోసారి కొన్ని వారాల సెలవు ఉంటుందని మాత్రం చెప్పుకునేవాళ్లు తక్కువ.

అందుకే మామయ్యగారి పొదుపు. ప్రతి మొక్క చుట్టూ లోతైన పాదు, పాదులో తిరగేసి పరిచిన కొబ్బరి డొక్కలు, వాటి మీద రాలిన మామిడాకులు. ఎండ నేరుగా మట్టికి తగలదు. ఆకులు పక్కకు తోసి వేలు పెట్టి చూశాను. నిన్న పోసిన నీళ్ల తడి ఇంకా ఉంది, రెండు వానపాములు కూడా ఉన్నాయి. ఇక్కడ ఉత్తపుణ్యానికి పాదులో పారేసే కొబ్బరి పొట్టునే నేను హైదరాబాదులో ఇటుకల రూపంలో డబ్బిచ్చి కొని, బాల్టీలో నానబెట్టి, ఉబ్బుతుంటే చూసి సంతోషిస్తాను.

ఈ ఎండల్లో ఎరువు ఏమైనా వేస్తారా అని అడిగాను. "వడదెబ్బ తగిలినవాడికి బిర్యానీ పెడతామా బాబూ?" అన్నారు. వేసవిలో ఆయన చేసే తోటపనిలో సగం ఏదో ఒకటి చేయకుండా ఊరుకోవడమే. కత్తిరించరు, కుండీలు మార్చరు, కొత్తవి నాటరు. మల్లెపొదల దగ్గర మాత్రం రోజూ చాలాసేపు నిలబడతారు. శీతాకాలంలో వాటికి నీళ్లు మానేసి, ఆకులు దూసేసి, కొమ్మలు కత్తిరించి మోడులుగా వదిలేస్తారు. మాఘం వచ్చాక పశువుల ఎరువు వేసి నీళ్లు పెడితే కొత్త చిగుళ్లతోపాటు మొగ్గలు దిగుతాయి. ఆ చలికాలపు శిక్షకు ఫలితమే ఇప్పుడు రోజూ సాయంత్రం అత్తయ్యగారి ఒళ్లో పోగుపడే మొగ్గలు. నా మేడ మీది మల్లెకు ఏడాది పొడవునా ప్రేమగా నీళ్లు పోస్తాను. ఆకులు బ్రహ్మాండంగా ఉంటాయి.

ఎండ ఎక్కకముందే ఇద్దరం స్కూటరు మీద కడియపులంక వెళ్లాం. నర్సరీల మధ్య నుంచి వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా కుండీల వరుసలు, ఆకుపచ్చ వల పందిళ్లు, వాటి కింద నీళ్ల తుంపర్లు. పందిరి కిందికి అడుగు పెడితే చాలు, ఊటీ ఎందుకు అనిపిస్తుంది. ఒక చోట లారీకి మొక్కలు ఎక్కిస్తున్నారు. పెద్దవి అడుగున, చిన్నవి వాటి సందుల్లో, ఏ కొమ్మా విరగకుండా సర్దుతున్న మనిషి చేతులు చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. ఆ లారీ మహారాష్ట్ర వెళ్తుందట.

నాకు ఒక నందివర్ధనం నచ్చింది. తెల్లటి ముద్దపూలు, మొక్క మోకాలెత్తు కూడా లేదు. ధర అడుగుతుండగానే మామయ్యగారు వెనక నుంచి "మృగశిర రానివ్వండి బాబూ" అన్నారు. తర్వాత దాన్ని చేతిలోకి తీసుకుని సంచి పక్కకు లాగి చూపించారు. వేళ్ల చుట్టూ ఎర్రమట్టి గట్టి ముద్దగా ఉంది. దూరప్రయాణంలో వేళ్లు కదలకుండా ఉండాలని ఇలాంటి బంకమట్టితో పెంచుతారు. నా కొబ్బరి పొట్టు మిశ్రమంలో దీన్ని పెడితే పోసిన నీళ్లన్నీ చుట్టూ ఉన్న గుల్ల మట్టిలోంచి జారిపోతాయి. మధ్యలో ముద్ద మాత్రం ఎండిపోతుంది. పైనుంచి చూస్తే కుండీ తడిగానే కనిపిస్తుంది, మొక్క మాత్రం దాహంతో చస్తుంది. నాటేముందు ఆ ముద్దను బాల్టీ నీళ్లలో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచి, అంచుల్లో మట్టిని చేతివేళ్లతో కొంచెం వదులు చేయాలట. పైగా ఇది పుట్టి పెరిగింది పందిరి నీడలో. ఉన్నట్టుండి మేడ మీద నలభై డిగ్రీల ఎండలో పెడితే ఆకులు వదిలే తేమకు వేళ్లు అందించే నీళ్లు చాలవు.

నర్సరీ యజమాని ఇదంతా వింటూ నవ్వుతున్నాడు. అమ్ముడుపోవలసిన మొక్కను వద్దని చెబుతున్నా ఆయనకు కోపం రాలేదు. తొలకరి పడ్డాక రమ్మని, అప్పటికి ఇది ఇంకో నాలుగు కొమ్మలు వేస్తుందని చెప్పాడు. మామయ్యగారి దగ్గర పదో తరగతి చదువుకున్నాడని దారిలో తెలిసింది. ఆయన ముందు బేరం సాగకపోవడానికి అదీ కారణమేమో.

మధ్యాహ్నం గురించి రాయడానికి పెద్దగా లేదు. మామిడికాయ పప్పు, కొత్త ఆవకాయ, గడ్డపెరుగు, ఆ తర్వాత తాటి ముంజలు. లేత ముంజ పై పొట్టు గోటితో ఒలుస్తుంటే లోపలి నీళ్లు మణికట్టు మీదుగా మోచేతిదాకా కారాయి. తుడుచుకోలేదు, చల్లగా ఉంది. కరెంటు పోయింది. అరుగు మీద తాటాకు విసనకర్రతో పడుకుని, విసురుకునే ఓపిక కూడా లేక నిద్రపోయాను.

లేపింది ఫోను. హైదరాబాదులో మా పక్క ఫ్లాటు పిన్నిగారు. నా మొక్కల బాధ్యత ఆవిడకు అప్పగించి వచ్చాను. "టమాటా మొక్కలన్నీ తలలు వాల్చేశాయి బాబూ, ఇంకో బాల్టీ పొయ్యనా?" అని కంగారుపడుతున్నారు. టైము మూడు. ఆ వేళ వాలకపోతేనే వింత. మట్టిలో వేలు పెట్టి చూడమన్నాను. తడిగానే ఉందన్నారు. అయితే వదిలేయండి, సాయంత్రం ఆరింటికి మళ్లీ చూడండి అన్నాను. ఆవిడకు నమ్మకం కుదరలేదు. పూత కూడా రాలిపోతోందన్నారు. పగలు 35 డిగ్రీలు దాటాక టమాటా పూత నిలవకపోవడం మామూలే, అది మీ చేతి దోషం కాదని చెప్పాను. ఆరున్నరకు ఆవిడే మళ్లీ ఫోను చేసి, మొక్కలు లేచి నిలబడ్డాయని చెప్పారు. తన ప్రార్థన ఫలించిందన్నట్టుగానే చెప్పారు. నేను కాదనలేదు. మేడ మీది కుండీల్లో ఎండకు పోయేవాటికంటే, ఎండకు జాలిపడి పోసిన నీళ్లకు వేళ్లు కుళ్లి పోయేవే ఎక్కువ అని నా అనుమానం.

ఇక సాయంత్రం. పెరటి చివర ఆనప పందిరి ఉంది. తీగ పందిరంతా అల్లుకుంది గానీ కాయలు లేవు. పిందె వేయడం, పసుపుబారడం, రాలడం. ఎండలకు అంతేనని మామయ్యగారు తీర్మానించారు. నేను రెండు రోజులుగా చూస్తున్నాను. ఎండాకాలంలో తీగకు మగపూలే ఎక్కువ వస్తాయి. ఆడపూలు అక్కడొకటి ఇక్కడొకటి. పైగా ఆనప పువ్వు గుమ్మడి పువ్వులా పొద్దున విచ్చదు, పొద్దు వాలాక విచ్చుకుంటుంది. తేనెటీగలు ఇంటికి పోయాక వచ్చే రాత్రిపూట రెక్కల పురుగుల మీదే దాని ఆశ. వెనక వీధిలో కొత్తగా పెట్టిన దీపాలకో, పక్క పొలంలో కొట్టే మందులకో, అవి ఈ పెరట్లోకి రావడం తగ్గినట్టుంది.

మామయ్యగారు గుడికి వెళ్లిన సమయం చూసి పందిరి కిందికి వెళ్లాను. పొడవాటి సన్నని కాడ మీద నిలబడి, అప్పుడే విచ్చుకున్న మగపువ్వు ఒకటి కోశాను. రేకులు తెల్లగా, పలచగా, మడతపెట్టి దాచిన పంచెలా నలిగి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తుంచేస్తే మధ్యలో పుప్పొడి ముద్ద మిగిలింది. ఆడపువ్వును వెతకడం కష్టం కాదు. పువ్వు కింద బొటనవేలంత పిందె, దాని మీద సన్నని నూగు. మగపువ్వును దాని మధ్య భాగానికి మెల్లగా రెండుసార్లు అద్ది తిప్పాను. వేలికి పసుపుపచ్చ పొడి అంటుకుంది. కాడకు గుర్తుగా ఎర్ర దారం కట్టాను.

"అల్లుడుగారు పువ్వులు పీకేస్తున్నారండీ!"

అత్తయ్యగారు బావిగట్టు మీద నిలబడి, అప్పుడే గేటు తీస్తున్న మామయ్యగారికి ఫిర్యాదు చేస్తున్నారు. చేతిలో రేకులు లేని పువ్వు, కాళ్ల దగ్గర రేకులు. కాదనడానికి ఏమీ మిగల్లేదు. సంగతి చెప్పాను. మామయ్యగారు కళ్లజోడు సరిచేసుకుని ఎర్ర దారం కట్టిన పిందెను చాలాసేపు చూశారు.

"మా నాన్నగారి కాలం నుంచి ఈ పందిరి ఉంది బాబూ. ఎవరూ ఏ పువ్వుకీ పెళ్లి చేయలేదు. కాయలు కాసేవి."

"అప్పుడు పురుగులు ఉండేవి కదా మామయ్యగారూ."

ఆయన సమాధానం చెప్పలేదు. లోపలికి వెళ్లి తెల్లదారం తెచ్చారు. నేను ముట్టుకోని ఇంకో ఆడపువ్వును వెతికి దానికి కట్టారు. ఎర్రది మీది, తెల్లది దేవుడిది, నాలుగు రోజుల్లో ఏది పసుపుబారుతుందో చూద్దామన్నారు. తర్వాత జేబులోంచి చిన్న పుస్తకం తీసి తేదీ, వేళ, రెండు పిందెల పొడవు రాసుకున్నారు. పొడవు కొలవడానికి పాత స్కేలు కూడా తెప్పించారు, మనవడి చేత. ఒకే పందిరి, ఒకే నీరు, ఒకే ఎండ. అయినా ఒక్క పువ్వుతో ఏమీ తేలదని, రేపు సాయంత్రం ఇంకో రెండు జతలు చేయాలని ఆయనే అన్నారు. మగపూలు కోసే పని నాదేనట. ఇన్నేళ్లకు ఈ పెరట్లో నాకు పని దొరికింది.

శుక్రవారం రాత్రి రాజమండ్రిలో గౌతమి రైలు ఎక్కాలి కాబట్టి ఫలితం ఫోనులోనే తెలుస్తుంది. భోజనాల దగ్గర కూడా ఇదే చర్చ. మబ్బు పట్టిన రోజు లెక్కలోకి తీసుకోవాలా, ఉడుత కొరికితే ఎవరి ఖాతాలో వేయాలి అని మామయ్యగారు వరసగా షరతులు పెడుతున్నారు. అత్తయ్యగారు చాలాసేపు ఓపికగా విన్నారు. చివరికి మజ్జిగ పోస్తూ, ఎవరి దారం గెలిచినా ఫరవాలేదు గానీ, రేపు కూరకి బజారులో ఒక లేత ఆనపకాయ చూసి తెమ్మన్నారు.