ఇంట్లోనే చెక్క పడవ కట్టుకున్నాను

సొంతంగా చిన్న పడవ చేసుకోవాలని ఎవరైనా అడిగితే, ప్లైవుడ్ పలకలు కుట్టి అతికించే పద్ధతితోనే మొదలుపెట్టమంటాను. పాత పద్ధతిలో ముందు చట్రం నిలబెట్టి, దానిమీద పలకలు వంచి బిగించాలి. ఆ పనితనం అబ్బడానికి ఏళ్లు పడుతుంది. ఇందులో ఆ చట్రంతో పనిలేదు. నమూనా ప్రకారం కోసిన పలకల అంచులను రాగి తీగతో కుట్టి, లోపలి నుంచి ఎపాక్సీతో, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో, అతికిస్తే సరి. 1960ల మొదట్లో ఇంగ్లండ్‌లో జాక్ హోల్ట్, బ్యారీ బక్నెల్ రూపొందించిన మిర్రర్ డింగీ ఇలా పుట్టిందే. పదకొండు అడుగులకు కాస్త తక్కువ పొడవుండే ఆ తెరచాప పడవలు 70 వేలకు పైగా తయారయ్యాయి. ఎంతోమంది మామూలు మనుషులు వాటిని ఇళ్లలోనే కట్టుకున్నారని తెలిశాక నాకు ధైర్యం వచ్చింది.

ప్లైవుడ్ విషయంలో రాజీ పడలేదు. మెరైన్ ప్లైవుడ్‌లో జిగురు నీళ్లకు ఊడదు, లోపలి పొరల మధ్య ఖాళీలు ఉండవు. ఖాళీ ఉన్నచోట పలకను వంచితే పుటుక్కున విరుగుతుంది. విరక్కపోయినా, రేపు నీరు చేరి కుళ్లేది అక్కడే. అందుకే ప్రతి షీటు అంచునూ వెలుతురులో పెట్టి చూసుకున్నాను.

షీటు పొడవు 2440 మిల్లీమీటర్లే. పడవ అంతకన్నా పొడవు కాబట్టి షీట్ల అంచులను ఏటవాలుగా చెక్కి, ఒకదానిమీద ఒకటి పెట్టి అతకాలి. ఆ వాలు పొడవు షీటు మందానికి ఎనిమిది రెట్లు ఉండాలి. అంటే నా 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు 48 మిల్లీమీటర్లు. చిత్రిక పడుతూ పోతే ప్లైవుడ్ పొరలు ముదురు, లేత చారలుగా బయటపడతాయి. ఆ చారలు తిన్నగా ఉంటే వాలు సమంగా వచ్చినట్టే. ఒక చార వంకర పోయిందంటే ఎత్తుగా మిగిలినచోట ఇంకో రెండు పట్లు పట్టాలి. కొలబద్ద అక్కర్లేకుండా చెక్కే మనకు దారి చూపిస్తుంది. ఈ పని నాకు ఎంత నచ్చిందో!

కోయడం త్వరగానే అయిపోయింది. అంచుల వెంబడి జానెడులోపు దూరంలో చిన్న చిన్న రంధ్రాలు వేసి, తీగ దూర్చి మెలిపెడుతుంటే, నేలమీద చదునుగా పడున్న పలకలు లేచి పడవ రూపంలోకి వచ్చేశాయి. చూసేవాళ్లకు ఇదే గొప్పగా ఉంటుంది. నాకు మాత్రం అసలు టెన్షన్ అక్కడే మొదలైంది. కుట్టిన పడవ ఇంకా మెత్తగా ఉంటుంది, ఎటు నొక్కితే అటు మెలి తిరుగుతుంది. ఆ మెలితోనే ఎపాక్సీ గట్టిపడితే ఇక దిద్దలేం. తెడ్డు ఎంత బాగా వేసినా పడవ ఒక పక్కకే లాగుతుంది. అందుకని పడవ ముందు ఒక తిన్నని బద్ద, వెనక ఒకటి అడ్డంగా పెట్టి, దూరంగా నిలబడి ఒంటికన్నుతో చూశాను. రెండు బద్దలూ ఒకే గీతలో కలవాలి. వెనక బద్ద ఒక కొస పైకి కనిపిస్తే, తీగలు కాస్త వదులు చేసి, దిగి ఉన్న వైపు అడుగున చీలిక పెట్టి, మళ్లీ చూడటం. రసమట్టంతోనూ సరిచూసి, ఆ రాత్రి అలాగే వదిలేసి, పొద్దున మళ్లీ చూశాకే ఎపాక్సీ డబ్బా మూత తీశాను. ఈ పనికి ఎంత సమయమైనా ఇవ్వండి.

ఎపాక్సీకి కావలసింది లెక్క. రెసిన్, హార్డ్‌నర్ పాళ్లు డబ్బామీద ఎలా ఉంటే అలాగే కలపాలి. హార్డ్‌నర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడదు సరికదా, మెత్తగా ఉండిపోతుంది. కలిపింది లోతైన కప్పులో ఉంచితే దాని వేడికి అదే మరిగి పొగలు కక్కుతుంది, వెంటనే పళ్లెంలో పరిచేయాలి. పలకలు కలిసే మూలల్లో నింపడానికి సన్నని చెక్కపొడి కలిపాను. గరిటె తిరగేసినా జారనంత చిక్కగా ఉండాలి. దానిమీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి రెసిన్ అద్దుతుంటే, తెల్లటి గుడ్డ కళ్లముందే మాయమై కింద చెక్క గీతలు తేలతాయి. ఇంకా తెల్లమచ్చ మిగిలిందంటే అక్కడ గాలి ఉన్నట్టు, లేదా రెసిన్ చాలనట్టు.

చేతి తొడుగులు లేకుండా ఎపాక్సీని అస్సలు ముట్టుకోవద్దు. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే జీవితాంతం వదలదు. గట్టిపడ్డాక పైన మైనంలాంటి జిడ్డు తేలవచ్చు. ముందు నీళ్లతో కడిగి, తర్వాతే శాండ్‌పేపర్ పట్టాలి. ఆ పట్టడం ఎంతకీ తెమలదు, మాస్కు పెట్టుకుని చేస్తూ పోవడమే. ఎండకు ఎపాక్సీ పాడవుతుంది కాబట్టి చివర్లో రంగో, ఎండను ఆపే వార్నిషో తప్పదు.

మొదటిసారి నీళ్లలో దింపినప్పుడు లైఫ్ జాకెట్ వేసుకుని, మోకాలి లోతులోనే నిలబడి, పడవను కావాలనే నీళ్లతో నింపేశాను. ముందూ వెనకా కట్టిన గాలి గదుల బలంతో అంచు నీటిపైనే నిలిచింది. నీళ్లు తోడేశాక గదుల మూతలు తీసి చెయ్యి పెట్టి చూస్తే లోపల పొడిగా ఉంది. అప్పుడే ఎక్కి తెడ్డు వేశాను. ఇంటికి తెచ్చాక ఆ మూతలు తెరిచే ఉంచుతున్నాను, లోపల గాలి ఆడాలి కదా.