వెలగపూడికి ఒకే ఒక్క కాగితం

బడ్జెట్ సమావేశాలు దగ్గరపడుతున్నాయంటే విశాఖపట్నంలో వృద్ధాశ్రమాలు నడిపేవారి మధ్య, ఇళ్ళకు ఆయాలను పంపే సంస్థలవారి మధ్య ఫోన్లు మొదలవుతాయి. వినతిపత్రం ఎవరికి ఇవ్వాలి, ఎంతమంది వెళ్ళాలి, శాలువా ఎవరు తేవాలి అన్నవే ఆ ఫోన్లలో ఎక్కువగా నలుగుతాయి. పెందుర్తి వైపు ఒక చిన్న ఆశ్రమం నడుపుతూ, ఈ బృందంతోపాటు శాసనసభ ఉన్న వెలగపూడికి వెళ్ళివస్తున్న నాకు బలంగా అనిపిస్తున్నది ఒకటే. చాంతాడంత కోరికల జాబితాతో శాసనసభ్యుల దగ్గరకు వెళ్ళడం మానేసి, ఈసారి ఒకే ఒక్క కోరికతో వెళ్ళాలి. అది గ్రాంటు గురించినది కాకూడదు. వృద్ధుల సంరక్షణ సంస్థ అంటే ఏదో, అది పాటించవలసిన కనీస ప్రమాణాలేమిటో, దాన్ని నమోదు చేయవలసిన అధికారి ఎవరో రాష్ట్ర నియమావళిలో రాయించుకోవడమే ఆ కోరిక కావాలి.

చట్టం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో ముందు చెబుతాను. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులోని 19వ సెక్షన్, జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు తగ్గకుండా చోటు ఉండే ఆశ్రమాలను రాష్ట్ర ప్రభుత్వం దశలవారీగా ఏర్పాటు చేయవచ్చునని చెబుతుంది. ఆశ్రమాల నిర్వహణకు, అక్కడి ప్రమాణాలకు, సేవలకు ఒక పథకం నిర్దేశించవచ్చునని కూడా అదే సెక్షన్ చెబుతుంది. అంతటితో సరి. నెలకింతని రుసుము తీసుకుని నడిపే ఆశ్రమం గురించి గానీ, ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఒంటరిగా ఉంటున్న పెద్దాయన ఇంటికి మనిషిని పంపే ఏజెన్సీ గురించి గానీ, అలా వెళ్ళిన ఆయా గురించి గానీ అందులో ఒక్క మాట లేదు. ఈ ఖాళీని పూరించే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చింది. సంరక్షణ గృహాల నమోదు, ఇంటివద్ద సేవలందించే సంస్థల నమోదు, రెండింటికీ కనీస ప్రమాణాలు అందులో ఉన్నాయి. పార్లమెంటు స్థాయీ సంఘం దాకా వెళ్ళిన ఆ బిల్లు 2024లో 17వ లోక్‌సభతోపాటే మురిగిపోయింది.

ఢిల్లీలో మళ్ళీ ఎప్పుడు కదులుతుందా అని ఎదురుచూడటం కంటే ఇక్కడ చేయగలిగినది చేయించుకోవడం మేలు. ఇదే చట్టంలోని 32వ సెక్షన్ నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. కేంద్ర చట్టాన్ని రాష్ట్రంలో సవరించబోతే రాష్ట్రపతి ఆమోదం దాకా వెళ్ళవలసి రావచ్చు గానీ, నియమాలకు ఆ అవస్థ లేదు. చేసిన నియమాలను ఉభయ సభల ముందు ఉంచాలని కూడా ఆ సెక్షనే అంటుంది కనుక, శాసనసభలోని 175 మందికీ, శాసనమండలిలోని 58 మందికీ ఈ విషయంలో మాట్లాడే హక్కు నేరుగా ఉంది.

మాటలతో చెప్పలేనిది ఒక చిన్న సంఘటన తేల్చిచెప్పింది. ఒక శాసనసభ్యుడి కార్యాలయంలో, మేమిచ్చిన వినతిపత్రంలో మొదటి పేరా చదివి ఆయన తలెత్తి, “మీకు ఇప్పుడు లైసెన్సు ఎవరిస్తున్నారండీ?” అని అడిగారు. మాలో ఒకరు సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందన్నారు. ఇంకొకరు నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఇచ్చే ట్రేడ్ లైసెన్సు అన్నారు. ఏజెన్సీ నడిపే ఆవిడ, తమది దుకాణాలు, సంస్థల చట్టం కింద కార్మిక శాఖలో నమోదైందని చెప్పారు. నాలుగో ఆయన తమది ట్రస్టు అన్నారు. శాసనసభ్యుడు పెన్ను మూత పెట్టి, “అంటే ఈ పని మీరు సరిగ్గా చేస్తున్నారో లేదో చూసే అధికారి ఎవరూ లేరన్నమాట” అన్నారు. మేము రాసుకెళ్ళిన మిగతా పేజీలన్నీ చెప్పలేకపోయినది ఆ నాలుగు జవాబులు చెప్పేశాయి.

అలా చూసే అధికారి లేకపోవడం మాకు హాయిగా ఉంటుందని బయటివారు అనుకోవచ్చు. నిజానికి దానివల్ల మొదట నష్టపోయేది నిజాయితీగా నడిపేవారే. ఆసుపత్రి నుంచి మూత్రపు గొట్టంతో, ముక్కులో ఆహారపు గొట్టంతో డిశ్చార్జి అయిన మనిషిని చేర్చుకుంటే, మాది ఆశ్రమమా, 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద నమోదు కావలసిన నర్సింగ్ హోమా అన్న ప్రశ్న వస్తుంది. ఒకసారి తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఇది ఆసుపత్రి లెక్కలోకి వస్తుందన్నారు, మరొకరు ఇది లాడ్జితో సమానమన్నారు. అలాంటి మనిషిని చేర్చుకోకపోతే కుటుంబం ఎక్కడికి వెళ్ళాలి? స్టీలుప్లాంటులో, పోర్టులో, షిప్‌యార్డులో పనిచేసి రిటైరై, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా ఇక్కడే ఉండిపోయిన దంపతులు ఈ ఊరిలో ఎంతమంది ఉన్నారో వీధివీధికీ తెలుసు. ఇద్దరిలో ఒకరికి పక్షవాతం వస్తే రెండోవారికి ఆ మనిషిని మంచం మీద పక్కకు తిప్పే బలం ఉండదు.

ఆ తిప్పడం ఎలా ఉంటుందో శాసనసభ్యులు ఒకసారి చూడాలి. మా దగ్గర రాత్రి డ్యూటీ చేసే ఆయా రెండు గంటలకోసారి లేచి, మోకాలు మంచం పట్టెకు ఆనించి, ఒక చేయి భుజం కింద, ఒక చేయి తుంటి కింద పెట్టి, మడిచి పరచిన దుప్పటితో సహా మనిషిని ఒక్క ఊపున పక్కకు తిప్పుతుంది. తరువాత తుంటి దగ్గర ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూస్తుంది. వేలు తీయగానే తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే పరవాలేదు, తెల్లబడకుండా ఎర్రగానే ఉండిపోతే పుండు మొదలవుతున్నట్టే. మన్యం నుంచి వచ్చిన ఆ మనిషికి ఇది ఏ కోర్సులోనూ నేర్పలేదు, పెద్ద ఆయాలను చూసి నేర్చుకుంది. రేపు ఆవిడ ఇంకొకచోట పనికి వెళితే, తనకు ఈ పని వచ్చునని చూపించే కాగితం ఒక్కటీ ఆవిడ చేతిలో ఉండదు. అక్కడా మళ్ళీ వంటమనిషి జీతంతోనే మొదలుపెట్టాలి. నమోదు నియమాలలో సంరక్షకులకు శిక్షణ, ధ్రువపత్రం అన్న అంశం ఉండి తీరాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఖర్చు సంగతికి వస్తే, గ్రాంటు అడగడం కంటే ప్రభుత్వపు సొంత అంకెలను పక్కపక్కన పెట్టి చూపడం ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 2024 నుంచి నెలకు 4,000 రూపాయలు. పక్షవాతంలాంటి వాటివల్ల పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. అంటే మంచాన పడ్డ మనిషి అవసరం మామూలు వృద్ధుల అవసరానికి దాదాపు నాలుగింతలని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. మరోవైపు 2007 చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ పిల్లల నుంచి ఇప్పించగల భరణం నెలకు 10,000 దాటకూడదు. కన్నకొడుకు బాధ్యతకు చట్టం గీసిన గీత, మంచాన పడ్డవారికి ప్రభుత్వమిచ్చే పింఛను కంటే తక్కువగా ఉందన్నమాట. ఈ రెండు అంకెలు విన్న ఏ శాసనసభ్యుడూ సంభాషణను మధ్యలో ఆపలేదు.

వృద్ధుల సంఖ్య పెరుగుతోందని సభను ఒప్పించవలసిన పని కూడా మనకు లేదు. స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీకి 1994 నుంచి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తివేసే బిల్లులను 2024 నవంబరులో ఆమోదించింది ఈ సభే. జననాల రేటు తగ్గి రాష్ట్ర జనాభాకు వయసు మీదపడుతోందన్నదే అప్పుడు చెప్పిన కారణం. ఇప్పుడు పుట్టబోయేవారి కోసం చట్టం మార్చిన సభ, ఇప్పటికే ముసలివారైనవారి సంగతి కూడా చూడాలని అడగడం అత్యాశేమీ కాదు. కేరళ అయితే 2025లో వృద్ధుల కోసం ప్రత్యేక కమిషన్‌నే చట్టం ద్వారా ఏర్పాటు చేసుకుంది.

మనవాళ్ళలోనే ఈ కోరికను వ్యతిరేకించేవారున్నారు. నమోదు అంటే తనిఖీలు, తనిఖీలంటే చేతులు తడపడం అని వారి భయం. అది ఉత్త భయమని నేను అనను. అయిదారుగురు వృద్ధులతో అద్దె ఇంట్లో ఆశ్రమం నడిపే ఆవిడకు, యాభై పడకల సంస్థకు ఒకే ప్రమాణాలు పెడితే మూతపడేది మొదటిదే. కనుక చిన్నవాటికి తేలికైన వర్గం ఒకటి, అందరికీ మారడానికి తగిన గడువు ఒకటి మన కాగితంలోనే రాసి ఇవ్వాలి. అది మనం రాయకపోతే సచివాలయంలో కూర్చున్నవారు రాస్తారు, అప్పుడు తలుపుల వెడల్పుతో మొదలుపెట్టి లిఫ్టు దాకా వెళతారు.

జీఎస్టీని మాత్రం దయచేసి ఈ కాగితంలో కలపవద్దు. ఆదాయపు పన్ను చట్టంలోని 12ఏఏ సెక్షన్ కింద ధార్మిక సంస్థలుగా నమోదైనవి నడిపే ఆశ్రమాలకు నెలకు మనిషికి 25,000 రూపాయల రుసుము దాకా 2018లో ఇచ్చిన మినహాయింపు సరిపోదన్న వాదన నాకూ నచ్చుతుంది. కానీ అది జీఎస్టీ మండలి తేల్చవలసిన విషయం. దాన్ని వెలగపూడిలో ఎత్తితే, “అది కేంద్రం చేతిలో ఉందండీ” అని మొత్తం కాగితాన్నే పక్కన పెట్టడానికి ఒక సాకు దొరుకుతుంది.

ఇక పద్ధతి. సభ జరిగే రోజుల్లో శాసనసభ్యులు మనకు దొరికేది కారుకీ మెట్లకీ మధ్యనే. వినతిపత్రం పీఏ చేతిలోని ఫైలులోకి వెళుతుంది, ఫొటో మన ఫోనులోకి వస్తుంది, అంతే. సభ్యుడి చేత సభలో వేయించే ప్రశ్న అలా కాదు. నక్షత్ర గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు కూడా రాతపూర్వకంగా జవాబు రావాలి. మహిళలు, పిల్లలు, విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల శాఖ పద్దుమీద, అంటే ఆ శాఖ బడ్జెట్ మీద, చర్చ వచ్చేనాటికి అలాంటి జవాబు ఒకటి చేతిలో ఉంటే, సభ్యుడు దాన్ని పట్టుకుని మాట్లాడగలడు. ప్రశ్నలకు నోటీసు చాలా ముందే ఇవ్వాలి కనుక, మనం కలవవలసినది ఇక్కడే, విశాఖలోనే, వారి నియోజకవర్గ కార్యాలయంలోనే, సమావేశాల తేదీలు ప్రకటించేలోపే.

ప్రశ్న ముసాయిదా నేను రాశాను. రాష్ట్రంలో రుసుముతో నడిచే వృద్ధాశ్రమాలు, ఇంటివద్ద సంరక్షణ అందించే సంస్థలు ఎన్ని ఉన్నాయో ప్రభుత్వం దగ్గర లెక్క ఉన్నదా, వాటికి కనీస ప్రమాణాలు నిర్దేశించే నియమాలు చేసే ఆలోచన ఉన్నదా, ఉంటే ఎప్పటికి? ఇంతే. దీనికి జతచేయడానికి ప్రతి సంస్థ నుంచి ఒక పేజీ కావాలి. ఎంతమంది ఉంటున్నారు, అందులో మంచాన ఉన్నవారెందరు, పగలు ఎంతమంది ఆయాలు, రాత్రి ఎంతమంది, ఇంతవరకు ఏయే శాఖలవారు వచ్చి చూశారు అన్న వివరాలు ఉంటే చాలు, వృద్ధుల పేర్లు రాయవద్దు. పెందుర్తి, గోపాలపట్నం వైపు పేజీలు చాలావరకు వచ్చాయి. భీమిలి, మధురవాడ, గాజువాక వైపువారు ఇంకా ఇవ్వవలసి ఉంది.