పసుపుకు లేదు, కుంకుమకు ఉంది

"చీటీ మీద 19.99 అని ఉంది కదమ్మా. ఇరవై ఒకటీ అరవైనాలుగు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఇరవై డాలర్ల నోటు పట్టుకుని ఆ పెద్దాయన నిలదీశారు. కొడుకు దగ్గరికి వేసవికి వచ్చారట, కొన్నది ఇడ్లీ పాత్ర. "ట్యాక్స్ అండీ బాబాయ్ గారూ" అన్నాను. "అది ధరలోనే ఉండాలిగా!" అన్నారు. ఎమ్మార్పీకి అలవాటుపడ్డ ప్రాణం మరి. వచ్చిన కొత్తలో నేనూ డాలరుంపావు వస్తువుకి సరిగ్గా డాలరుంపావే లెక్కపెట్టి తీసుకెళ్లి, మిగతా పది సెంట్లకోసం బ్యాగంతా తడుముకున్నదాన్నే. కొడుకు కార్లో చిల్లరుంటుందేమో చూస్తానని ఆయన బయటికెళ్లారు.

ఇది 2019 మాట. హెచ్4 ఈఏడీ, అంటే హెచ్4 వీసా మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చేసుకోడానికిచ్చే అనుమతి కార్డు, చేతికొచ్చాక డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక ఇండియన్ గ్రోసరీలో బిల్లింగ్‌కి చేరాను. అక్కడ పన్ను 8.25 శాతం. అందులో టెక్సస్ రాష్ట్రానిది 6.25. మిగతా రెండులో ఒకటి ఊరికి, ఒకటి డార్ట్‌కి, అంటే బస్సులూ రైళ్లూ నడిపే సంస్థకి. జీతం మీద రాష్ట్రం ఇన్‌కమ్ ట్యాక్స్ వెయ్యదని టెక్సస్‌ని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు మా కౌంటర్ దగ్గరికొచ్చేసరికి కాస్త చల్లబడేది.

శాతం తెలిస్తే లెక్క వచ్చేసినట్టే అనుకున్నాను. అసలు చిక్కు దేనికి వెయ్యాలన్నది. బియ్యం, కందిపప్పు, ఆవకాయ సీసా: పన్ను లేదు. సబ్బు, అగరొత్తులు, కుక్కర్: ఉంది. ఫ్రీజర్‌లో ఉన్న సమోసాకి లేదు, అదే సమోసా వేడిచేసి చేతికిస్తే ఉంది. డబ్బాలో మామిడి గుజ్జుకి లేదు. మామిడి డ్రింక్‌లో పండ్లరసం సగానికి మించకపోతే అది కూల్‌డ్రింక్ కిందే లెక్క, పన్ను పడుతుంది. శ్రావణ మాసంలో అయితే మరీ తమాషా. పసుపు వంటసరుకు కాబట్టి లేదు, పక్కనే ఉన్న కుంకుమకి ఉంది. కొబ్బరికాయకి లేదు, కర్పూరానికి ఉంది. "అమ్మవారికి కూడానా?" అని ఒకావిడ నవ్వింది.

ఎంత పెద్ద బిల్లయినా పన్ను పడేవి విడిగా కూడుకోవాలి. అరవై డాలర్ల బిల్లులో సబ్బు 3.99, అగరొత్తులు 2.49, వేడి సమోసాలు 4.00 ఉంటే పన్ను ఆ 10.48 మీదే, 86 సెంట్లు. నోటిలెక్కకి పన్నెండో వంతు తీసి చిటికెడు తగ్గించుకుంటే చాలు.

ఒకసారి కొత్త రకం అగరొత్తుల్ని ఎవరో సిస్టమ్‌లో తిండి కింద ఎక్కించేశారు. ఎవరో ఏమిటిలే, నేనే. మూణ్ణెల్ల తర్వాత బయటపడింది. కొన్నవాళ్ల దగ్గరికెళ్లి అడగలేం, ప్రభుత్వానికి కట్టకా తప్పదు. ఓనరన్న జేబులోంచే పోయింది. ఆయన నన్నేమీ అనలేదు, అందుకే ఇంకా గుర్తుంది. నెలనెలా 20వ తేదీలోగా కట్టేస్తే వసూలు చేసిపెట్టినందుకు షాపుకి అర శాతం మిగులుతుందని ఆ రోజే ఆయన చెప్పాడు. పన్ను మొత్తంలో అర శాతం, అంటే వంద డాలర్లు కడితే యాభై సెంట్లు.

పెద్దాయన రెండు డాలర్లతో తిరిగొచ్చారు. 36 సెంట్లు చిల్లరిచ్చి, ఆ 1.65 ఎవరెవరికి పోతుందో రసీదు వెనక రాసిచ్చాను. కళ్లజోడు పైకి నెట్టుకుని చదివారు.

"అయితే రైలుకి ఇరవై సెంట్లు ఇచ్చానన్నమాట. మావాడు కారు తప్ప ఎక్కనివ్వడు. స్టేషన్ ఎటువైపమ్మా?"