తెల్లవారుజామున 5 గంటల నీళ్లు

ఏప్రిల్ రెండో ఆదివారం తెల్లారేసరికి బెంగళూరు పక్కనున్న అర్కావతి నది దగ్గరికి వెళ్తే గేలం వెయ్యడానికి చోటు లేదు. కనకపుర దాటాక ఒక చిన్న ఆనకట్ట ఉంది, నాలుగేళ్లుగా నేను వెళ్లే చోటు అదే. ఆ మడుగు నిండా చచ్చి తేలిన చేపల తెల్లటి పొట్టలు. జిలేబీలు, మధ్యమధ్యలో శీలావతులు, అరచెయ్యంత వాటి నుంచి రెండు కిలోలు తూగే వాటి దాకా, అన్నీ నోళ్లు తెరుచుకుని. బతికున్నవి కొర్రమీనులు మాత్రమే, గట్టు పక్క గడ్డిలో పైకొచ్చి గుటక వేసి మళ్లీ కిందికి పోతున్నాయి. కొల్లేరు పక్క ఊళ్లో తాత వెంట తిరిగి పెరిగినవాణ్ణి, కొర్రమీను బయటి గాలి పీల్చుకుని బతకగలదని తెలుసు. నీళ్లలో విషం కలిసుంటే బహుశా అవీ పోయేవి. అవి ఉండి మిగతావన్నీ పోయాయంటే ఆ నీళ్లలో ఊపిరి లేదన్నమాట.

నేనుండేది బెంగళూరు కెంగేరిలో. మా వైపు మురుగంతా వృషభావతి అనే చిన్న నదిలోకి, అది బైరమంగల చెరువు మీదుగా అర్కావతిలోకి, అర్కావతి సంగమ దగ్గర కావేరిలోకి. మూపు మహసీర్ అనే పెద్ద చేప ఈ కావేరిలో, దాని ఉపనదుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, 2018లో దాన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. ఇదంతా నాకు ముందే తెలుసు. కానీ మా బాత్రూం నీళ్లే నా గేలం దగ్గరికి వస్తున్నాయని ఆ రోజు ఆ గట్టు మీద నిలబడ్డప్పుడే నిజంగా తెలిసొచ్చింది.

ఫొటోలు పెట్టి కాలుష్య నియంత్రణ మండలికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను, ఉత్తరం కూడా ఇచ్చాను. తొమ్మిదో రోజున ఇద్దరు వచ్చారు, మర్యాదగానే మాట్లాడారు, నీళ్లు పట్టుకుని వెళ్లారు. తర్వాత కబురు లేదు. ఫోన్ చేస్తే రిపోర్టు బాగానే ఉంది అన్నారు, చూపించమంటే మాత్రం కుదరదన్నారు. అప్పుడు సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్, అరపేజీ ఉత్తరం, అంతే. రిపోర్టు కాపీతో పాటు శాంపిల్ ఎక్కడ, ఏ తేదీన, ఎన్ని గంటలకు తీశారో కూడా ఇమ్మని అడిగాను. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, 28వ రోజున కవరు వచ్చింది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 9.6 మిల్లీగ్రాములు. చేపలకు పనికొచ్చే నీళ్లకు మన దేశంలో పెట్టిన కనీస హద్దు 4, అంటే కాగితం మీద ఆ మడుగు బ్రహ్మాండంగా ఉంది. చచ్చిన చేపల్ని కళ్లారా చూసినవాణ్ణి, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా వదిన డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తుంది. ఆ కాగితం తనకు ఇస్తే ముందు టైం చూసింది. మధ్యాహ్నం 3.20.

"ఇంత ఎండలో నీళ్లు మామూలుగా పట్టుకునేదే 8 లోపు, 9.6 ఎలా వస్తుంది చెప్పు? అది పాచి చేసిన పని. పగలంతా ఆక్సిజన్ వదులుతుంది, చీకటి పడ్డాక తనే పీల్చేస్తుంది. నువ్వు తెల్లవారుజామున తియ్యి," అంది.

నీళ్ల వేడికీ ఆక్సిజన్‌కీ ఉన్న లంకె ట్రౌట్ అనే చన్నీళ్ల చేపను పట్టేవాళ్లకు మనకంటే బాగా తెలుసు. నీలగిరుల్లో అవలాంచి దగ్గర 1907లో ట్రౌట్ పిల్లల్ని పెంచే కేంద్రం పెట్టారు. అంత ఎత్తున ఎందుకంటే చల్లటి నీళ్లే ఆక్సిజన్‌ని ఎక్కువ పట్టుకుంటాయి, వేడెక్కేకొద్దీ వదిలేస్తాయి. ఇక ఏప్రిల్ నెల, పారని మడుగు, పైన పాచి, కింద మురుగు అంటే చెప్పేదేముంది.

నీళ్లలో ఆక్సిజన్ కొలవడం రెండు ఆదివారాలు వదిన దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. 300 మిల్లీలీటర్ల గాజు సీసాని నీళ్లలో ముంచి బుడగ లేకుండా నింపాలి, ఒక్క బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. మాంగనీస్ సల్ఫేట్, తర్వాత అయోడైడ్ కలిపిన క్షారం, పిపెట్ కొన నీళ్ల లోపల ఉంచి నెమ్మదిగా వదలాలి, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. మూత పెట్టి తిరగేస్తే లోపల మడ్డి కడుతుంది. ఆక్సిజన్ ఉంటే ఆ మడ్డి బెల్లం రంగు, లేకపోతే తెలుపు. మిగతా పని ల్యాబ్‌లో, వదిన ముందు.

మూడు గంటలకు లేచి బండి మీద వెళ్లాను. 5.10కి టార్చి నోట్లో పెట్టుకుని మొదటి సీసా తిరగేశాను. మడ్డి మెల్లగా కిందికి దిగుతోంది, విరిగిన పాలలా తెల్లగా. రంగు మారుతుందేమోనని చాలాసేపు చూశాను, మారలేదు. ఆనకట్ట కింద రాళ్ల మీద నీళ్లు దూకే చోట తీసిన రెండో సీసాలో లేత గోధుమరంగు వచ్చింది, ల్యాబ్‌లో లెక్కిస్తే 2.1. మొదటిది దాదాపు సున్నా.

మనం తీసిన నీళ్లు కేసులో సాక్ష్యంగా నిలవవు, పద్ధతి ప్రకారం అధికారులే తియ్యాలి. అందుకే మూడు ఆదివారాల అంకెలు, టైముతో సహా ఫొటోలు, వాళ్ల పాత రిపోర్టు కలిపి మళ్లీ రాశాను. ఈసారి ఒకే ఒక్క కోరిక: సూర్యోదయానికి ముందు రండి. రెండు సార్లు వాయిదా పడింది, మూడోసారి ఒక కుర్ర ఆఫీసరు 5.30కి జీపు దిగాడు. సీసాలో దాదాపు తెల్లగా ఉన్న మడ్డి చూసి ఏమీ అనలేదు, ఇంకో సీసా తీసి మళ్లీ చేశాడు. ఆ రిపోర్టు కోసం నేను దరఖాస్తు పెట్టాల్సిన పని పడలేదు. 0.9.

ఇప్పుడు ఆ చోట నెలకోసారి పొద్దున్నే శాంపిల్ తీస్తున్నారు. మురుగు మాత్రం ఆగలేదు. మీ చెరువు దగ్గరో ఏటి దగ్గరో చేపలు పోతే ఫిర్యాదులో "తెల్లవారకముందు శాంపిల్ తియ్యాలి" అన్న మాట మొదటిసారే రాయండి, నాకు దానికే మూడు నెలలు పట్టింది.

వానలు పడ్డాక మొన్న ఆదివారం మళ్లీ వెళ్లాను. మడుగులో 2.6 వచ్చింది. గేలం ఇంకా ఇంట్లోనే ఉంది.