నోరెత్తని పిల్లలు, సిక్ రూమ్ రిజిస్టరు

శ్రీకాకుళంలో ఆడపిల్లను కాన్వెంటులో చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది మార్కుల కన్నా ముందు క్రమశిక్షణ గురించి అడుగుతారు. సిస్టర్లు ఉంటారు, వేళ కాని వేళ గేటు దాటనివ్వరు, బోర్డింగులో ఉన్నా పిల్ల భద్రంగా ఉంటుంది అన్న ధీమాతోనే కతోలికులు కాని కుటుంబాలు కూడా తమ పిల్లలను ఈ బడులకు పంపుతున్నాయి. ఆ ధీమా నిన్న మొన్నటిది కాదు. సెయింట్ జోసఫ్ ఆఫ్ అన్నెసీ సభకు చెందిన సిస్టర్లు 1849లో యానాం చేరిన నాటి నుంచి ఈ ప్రాంతంలో ఆడపిల్లల చదువుతో కన్యాస్త్రీల పేరు ముడిపడి ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు కలిపి 1993లో ప్రత్యేక మేత్రాసనం, అంటే ఒక బిషప్ పాలన కింది ప్రాంతం, ఏర్పడేనాటికే ఆ పేరు ఇక్కడ స్థిరపడింది.

అయితే తల్లిదండ్రులు మెచ్చే ఆ క్రమశిక్షణ చాటున కొన్ని సంగతులు మా కంటపడకుండా ఉండిపోతాయి. "మా పిల్ల అసలు నోరెత్తదు సిస్టర్ గారూ" అని తండ్రి గర్వంగా చెబితే మేమూ సంతోషంగా తల ఊపుతాం. ఏడాది చివర సత్ప్రవర్తన బహుమతి కూడా తరచుగా అలాంటి పిల్లకే వెళుతుంది. కాన్వెంటు బడిలో ఉపాధ్యాయినిగా నేను గమనించినంతవరకు, అల్లరి చేసే పిల్లకు కష్టం వస్తే అది పోట్లాటగానో, ఎగవేతగానో, హెడ్‌మిస్ట్రెస్ గదిలో పంచాయితీగానో బయటపడుతుంది. నోరెత్తని పిల్లకు కష్టం వస్తే అది తలనొప్పిగానో కడుపునొప్పిగానో సిక్ రూమ్‌కు చేరుతుంది. అందుచేత పిల్లల మానసిక క్షేమం కోసం బడి చేయదలచిన పని ఏదైనా ఆ గది నుంచే మొదలు కావాలని నేను అనుకుంటాను.

ఆ గదిలో ఒక ఇనుప మంచం, ఒక మంచినీళ్ల కూజా, కిటికీ గట్టు మీద మందుల డబ్బా, ఒక పొడుగాటి రిజిస్టరు ఉంటాయి. తేదీ, పేరు, తరగతి, బాధ, ఇచ్చిన మాత్ర అని రిజిస్టరులో గళ్లు గీసి ఉంటాయి. దాన్ని రాసేవారే తప్ప వెనక్కి తిప్పి చదివేవారు ఉండరు. చదివితే సోమవారం ఉదయాలు, యూనిట్ టెస్టు రోజులు పేర్లతో నిండి ఉండడం కనిపిస్తుంది. అది ఎవరైనా ఊహించగలిగేదే. ఊహించలేనిది ఉద్దానం నుంచి వచ్చి బోర్డింగులో ఉంటున్న ఒక పిల్ల పేరు. ఆమె పేరు ఎదుట కడుపునొప్పి అన్న మాట గురువారాల్లో పదే పదే కనిపించింది. పాఠం తప్పించుకోవడానికేమో అనుకుందామంటే, గురువారం మధ్యాహ్నం ఆ తరగతికి ఉన్నవి డ్రాయింగు, ఆటల పీరియడ్లు. బోర్డింగు సిస్టర్ మంచం పక్కన కూర్చుని ఇంటి సంగతులు నెమ్మదిగా అడిగితే, వాళ్ల నాన్నకు సోమవారం, గురువారం డయాలసిస్ జరుగుతుందని తెలిసింది. సోమవారం నాటి నొప్పి మిగతా పిల్లల రద్దీలో కలిసిపోయింది. గురువారం నాటిది మాత్రం విడిగా కనబడింది.

ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల పిల్లలు చదివే ఏ బడికైనా ఇది కొత్త సంగతి కాదు. ఇదమిత్థమని కారణం తేలని కిడ్నీ జబ్బు ఆ ఊళ్లను దశాబ్దాలుగా పీడిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. ఆసుపత్రి దగ్గరికి వచ్చినంత మాత్రాన, ఒక్కో విడతకు దాదాపు నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకునే తండ్రి గురించి కూతురికి ఉండే దిగులు తీరదు. ఆ పిల్లకు మేము చేసిన ఏర్పాటు చిన్నది: ఆ రెండు రోజులూ సాయంత్రం స్టడీకి ముందు ఆఫీసు ఫోను నుంచి తల్లితో మాట్లాడుకోనిచ్చాం. రిజిస్టరులో ఆమె పేరు రావడం తగ్గింది.

అలాగని ప్రతి కడుపునొప్పి వెనకా మనోవేదనను వెతకడం కూడా తప్పే. వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పరగడుపున మింగితే కడుపులో తిప్పడం సహజం, పైగా చద్దన్నమైనా తినకుండా బస్సెక్కి వచ్చే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. కాబట్టి మొదట తిన్నావా అని, తర్వాత నెలసరా అని, ఆ తర్వాతే ఇంట్లో అంతా బాగున్నారా అని అడగాలి.

ఇక అసలు చిక్కు పిల్ల నోరు విప్పిన తర్వాత వస్తుంది. ఫాదర్ దగ్గర చెప్పుకున్న పాపసంకీర్తనం (కన్ఫెషన్) ఎన్నటికీ బయటికి రాదని కాన్వెంటులో చదివే పిల్లలందరూ, హిందూ పిల్లలతో సహా, వినే ఉంటారు. కతోలిక శ్రీసభ చట్టం ప్రకారం ఆ రహస్యాన్ని ఏ కారణం చేతనూ భంగపరచకూడదు. అదే భరోసా సిస్టర్ దగ్గర, టీచర్ దగ్గర కూడా ఉంటుందని పిల్లలు అనుకుంటారు. కానీ పాపసంకీర్తనం వినే అధికారం ఫాదర్లకు తప్ప సిస్టర్లకు లేదు. లైంగిక వేధింపు జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేసి తీరాలని 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. అందువల్ల "ఎవరికీ చెప్పనులే, చెప్పమ్మా" అని ముందుగా మాట ఇచ్చి తర్వాత తప్పడం కన్నా, "నీ ప్రాణానికో మానానికో ముప్పు ఉంటే మాత్రం సాయం చేయగలిగిన వాళ్లకు చెబుతాను, అంతవరకు మన మధ్యనే ఉంటుంది" అని మొదటే చెప్పడం మేలు. అలా చెబితే పిల్లలు బెదిరిపోతారని కొందరు వాదిస్తారు. నా అనుభవంలో పిల్లలు కాసేపు ఆలోచించుకుని చెప్పదలచినది చెబుతారు.

రహస్యం దాచడం ఇక్కడ మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. తొమ్మిదో తరగతి పిల్ల సంచిలో ఫోను దొరికిందనుకుందాం. అందరి ఎదుటా తండ్రిని పిలిపించి తలవంపులు తెస్తే, ఆయన ఆ సాయంత్రమే టీసీ అడగవచ్చు, వేసవిలోగా సంబంధం చూడవచ్చు. పద్దెనిమిది నిండని పెళ్లి చట్టవిరుద్ధమని తెలియక కాదు, పరువు పోతుందన్న భయం కొద్దీ. ఫోను స్వాధీనం చేసుకోవాలి, అందులో అభ్యంతరకరమైనవి ఉంటే విచారించాలి. కాని తల్లిని విడిగా పిలిచి మాట్లాడితే చాలినచోట పది మందిని పోగుచేసే అలవాటు మానుకోవాలి.

విశాఖపట్నంలో నీట్ శిక్షణకు చేరిన ఒక విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుగురు అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సిలరునో, మనస్తత్వ నిపుణులనో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని నియమించాలి. సాధ్యమైనంతవరకు మార్కులను బట్టి సెక్షన్లు విడదీయకూడదు. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ, 14416) వంటి సహాయ నంబర్లను తరగతి గదుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో రాయించాలి. నంబరు రాయించడం తేలిక. 14416 అని గోడ మీద ఎర్ర రంగుతో రాసి, ఫోను తెస్తే శిక్ష అని దాని పక్కనే మరో బోర్డు పెడితే ఆ నంబరు ఎవరికోసం? బోర్డింగు ఉన్న బడిలో, ఎవరికి చేస్తున్నావని ఎవరూ అడగని చోట, ఒక ల్యాండ్‌లైను ఉండాలి. సిక్ రూమే అందుకు తగిన చోటు. పిల్లల కోసం ఉన్న 1098 నంబరు కూడా అక్కడే రాయించవచ్చు.

కౌన్సిలరు సంగతి మాత్రం అంత తేలిక కాదు. టీచర్ల జీతాలు మేనేజ్‌మెంటే ఇచ్చుకుంటూ నెట్టుకొచ్చే చిన్న కాన్వెంట్లకు ఆ ఖర్చు భారమే. ఉన్న టీచర్లలోనే ఒకరికి మూడు రోజుల శిక్షణ ఇప్పించి కౌన్సిలరని పేరు మార్చేస్తారేమో అని నా భయం. పరీక్ష పేపర్లు దిద్దే మనిషి దగ్గర పిల్ల మనసు విప్పదు. దానికి బదులు మేత్రాసనంలోని రెండు మూడు బడులు కలిసి ఒక నిపుణురాలిని నియమించుకుని, రోజుల వంతున పంచుకోవచ్చు. టెక్కలి, పలాస, శ్రీకాకుళం ఒకే రోడ్డు మీద ఉన్నాయి, బస్సులకు కొదవ లేదు. వచ్చే విద్యా సంవత్సరానికి ముందు కరస్పాండెంట్ల సమావేశంలో ఈ ప్రతిపాదన పెట్టమని మా సిస్టరును అడిగాను. ఆవిడ జీతం లెక్క కాగితం మీద వేసి ఇమ్మన్నారు. ప్రస్తుతం ఆ పనిలోనే ఉన్నాను.