భీమిలి మొగ దాటే ముందు వేసుకోవాల్సిన లెక్క

కొత్త చోట గాలం వేటకి బయల్దేరేవాళ్లు ముందు ఎర గురించి అడుగుతారు, తర్వాత చేప గురించి. వెళ్లేటప్పుడు ఎంత నీరుందో చూసుకుంటారు. తిరిగొచ్చేసరికి ఎంత మిగులుతుందో మాత్రం చూసుకోరు. తీరం పక్కన లోతు తక్కువ నీళ్లలో పడవలు నేల తగిలేది ఎక్కువగా తిరుగుదారిలోనే.

విశాఖ దగ్గర రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. అమావాస్య, పౌర్ణమి తర్వాత పోటుకీ పాటుకీ మధ్య తేడా దాదాపు 1.4 మీటర్లు, అష్టమి తర్వాత అర మీటరు చిల్లర. సర్వే ఆఫ్ ఇండియా పోటుపాట్ల పట్టికలో ఆ రోజు ఎత్తులు దొరుకుతాయి. సముద్రపటంలో వేసిన లోతుకి ఆ ఎత్తు కలపాలి. పటం మీద లోతులు మీటర్లలో ఉన్నాయా బారల్లో ఉన్నాయా అన్నది ముందే చూడండి. బార అంటే 1.83 మీటర్లు.

ఒక లెక్క చూద్దాం. మొగ దగ్గర, అంటే గోస్తని ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసుక మేట మీద పటం లోతు 0.4 మీటర్లు. ఉదయం 9:30కి పోటు 1.3 మీటర్లు, మధ్యాహ్నం 3:40కి పాటు 0.2 అనుకుందాం. పోటు మీద నీరు 1.7 మీటర్లు. కెరటం 0.8 మీటర్లుంటే దాని పల్లంలో ఆ ఎత్తులో సగం, అంటే 0.4 పోతుంది. మిగిలింది 1.3. మోటారు దించిన పడవకి 0.7 కావాలి కాబట్టి హాయిగా దాటొచ్చు.

ఇప్పుడు 1:30కి చూడండి. నీరు ఒకే తీరున దిగదు. మొత్తం తేడాని పన్నెండు వంతులు చేస్తే గంటగంటకీ వరసగా 1, 2, 3, 3, 2, 1 వంతులు దిగుతుంది. నాలుగు గంటల్లో తొమ్మిది వంతులు, అంటే 0.8 మీటర్ల పైచిలుకు. మేట మీద మిగిలేది 0.9. పల్లం తీసేస్తే 0.5. మోటారు నేల తగిలినట్టే. పైగా కెరటం తన ఎత్తుకి సుమారు 1.3 రెట్ల లోతులో విరుగుతుంది. 0.8 కెరటం మీటరు లోతులో విరుగుతుంది కాబట్టి సరిగ్గా మేట మీదే మీ వెనక పడుతుంది. అప్పటికి సముద్రపు గాలి కూడా లేచి ఉంటుంది. నీరు బయటికి లాగుతూ కెరటం ఎదురొస్తే అలలు నిట్టనిలువుగా లేస్తాయి. అందుకే పోటు ఎక్కుతుండగా దాటి, పోటు తిరిగిన గంటలోపు లోపలికి వచ్చేయాలి. ఎక్కే నీటిలో నేల తగిలితే కాసేపాగితే పడవ తేలుతుంది. దిగే నీటిలో తగిలితే సగం రోజు అక్కడే.

ఇంత లెక్కకీ ఒక లొసుగుంది. గోస్తని లాంటి ఏటి మొగ వరద వచ్చినప్పుడల్లా రూపు మార్చుకుంటుంది, అక్కడ పటాన్ని నమ్మడం దండగ. ఉపగ్రహ చిత్రాలు వేర్వేరు తేదీలవి పక్కపక్కన పెట్టి, తెల్ల నురగ గీత ఎక్కడ తెగిందో చూడండి. లోతైన దారి సాధారణంగా అక్కడే. ఆ తర్వాత ఒడ్డున వలలు బాగుచేసుకునే పెద్దాయన్ని అడగండి. "లోతెంత?" అంటే ఎవరి కొలత వారిది. "బాబాయ్, పాటు మీద ఏ పక్క నేల తగులుతాది?" అనడిగితే చేత్తో చూపిస్తారు. వలలు ఎక్కడ వేసి ఉన్నాయో కూడా అప్పుడే తెలుస్తుంది.

లోతు తాడు తప్పనిసరి. ఆరు మీటర్ల తాడు, కొసన అర కిలో సీసం, అర మీటరుకో ముడి. తాడు నానబెట్టాకే ముడులు వేయండి. సీసం అడుగున కాస్త గ్రీజు రాస్తే ఇసుకో, బురదో అంటుకొస్తుంది. ఏమీ అంటకపోతే కింద బండ. ముందు కూర్చున్న మనిషి కొలుస్తూ చెప్పాలి, వెనకవాడు నడక వేగంతో నడపాలి. మన సముద్రం తూర్పు, ఆగ్నేయం వైపు కాబట్టి పొద్దున వెళ్లేటప్పుడు ఎండ కళ్లలోకి కొట్టి మేటలు కనిపించవు. పోలరైజ్డ్ అద్దాలు కొంత సాయం చేస్తాయి గానీ తాడుని మించవు.

మోటారు పైకి లేవకుండా పట్టే లాకు వేయకండి. తగిలితే అదే లేవాలి. ఇసుక నీళ్లు లోపలికి పీల్చుకుంటే ఇంపెల్లర్ (మోటారుని చల్లబరిచే నీటిని తోడే చక్రం) అరిగి మోటారు వేడెక్కుతుంది. నేల తగిలాక పక్కనుంచి చిమ్మే నీటి ధార సన్నబడితే వెంటనే ఆపేయండి. షియర్ పిన్ (ప్రొపెల్లర్ నేల తగిలితే ముందు తానే విరిగే చిన్న పిన్ను) ఉండే మోటారైతే రెండు పిన్నులు, ఒక పట్టకారు సంచిలో ఉండాలి.

పండుగప్ప కోసమైతే చివర మీటరు దారం 40 పౌండ్ల బరువు ఆపేది వేయండి, దాని మొప్ప అంచు సన్న దారాన్ని కోసేస్తుంది. నీటి వడిని బట్టి 30 నుంచి 60 గ్రాముల సీసం చాలు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు పడవలకి వేట నిషేధం. హార్బర్ ముఖద్వారం, నేవీ ప్రాంతాల దరిదాపులకి పోవద్దు. ముందురోజు ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కెరటాల సూచనలో ఎత్తుతోపాటు వ్యవధీ, అంటే కెరటానికీ కెరటానికీ మధ్య సమయం, చూడండి. 12 సెకన్లు దాటిందంటే ఎత్తు తక్కువ కనిపించినా మేట మీద లేచి విరుగుతుంది, ప్రయాణం మానుకోండి. ఎక్కడ దిగుతున్నదీ, ఎన్నింటికి వస్తున్నదీ ఒడ్డునున్న ఒకరికి రాసిచ్చి, ఆ టైముకి అరగంట దాటితే కోస్ట్ గార్డు 1554కి ఫోన్ చేయమని చెప్పండి.