నీ చెయ్యి ఇలా ఇవ్వు

యూదుల ప్రాచీన ధర్మ గ్రంథం తల్మూద్‌లో బెరఖోత్ అనే భాగం, ఐదో ఆకు రెండోవైపు. రబ్బీ (మతగురువు) ఎలాజార్ జబ్బుపడి చీకటి ఇంట్లో పడుకుని ఉంటాడు. పలకరించడానికి రబ్బీ యోహానాన్ వస్తాడు. ఆయన ఎంత అందగాడంటే, చేతి మీది బట్ట పక్కకి తొలగిస్తే ఆ వెలుగుకి గది కనిపించిందట. ఆ వెలుగులో చూస్తే ఎలాజార్ ఏడుస్తున్నాడు.

ఎందుకయ్యా ఏడుపు, అని అడుగుతాడు యోహానాన్. చదవాల్సినంత చదవలేదనా? ఎంత చేశామన్నది కాదు, మనసు దేవుడి మీద ఉందా అన్నదే లెక్క. డబ్బు లేదనా? పిల్లలు లేరనా? ఇదిగో, ఇది నా పదో కొడుకు ఎముక. పదిమంది బిడ్డల్ని పోగొట్టుకున్న తండ్రి ఆయన. ఎలాజార్ అవేవీ కాదంటాడు. ఇంత అందమూ ఒకరోజు మట్టిలో కలిసిపోతుందే, అందుకే ఏడుస్తున్నా అంటాడు. అక్కడితో యోహానాన్ ఓదార్పు మాటలు ఆగిపోతాయి. దానికైతే ఏడవాల్సిందే అంటాడు. ఇద్దరూ కలిసి ఏడుస్తారు. ఆ తర్వాత అడుగుతాడు, ఈ బాధలు నీకు ఇష్టమేనా అని. అవీ వద్దు, వాటికొచ్చే ఫలమూ వద్దు అంటాడు రోగి. "అయితే నీ చెయ్యి ఇలా ఇవ్వు." చెయ్యి పట్టుకుని లేపుతాడు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ పేజీలోనే, దీనికి కాస్త ముందున్న కథ. అందులో జబ్బుపడింది సాక్షాత్తూ యోహానానే. రబ్బీ హనీనా వచ్చి చెయ్యి పట్టుకుని లేపాడు. తల్మూద్ ఊరుకోదు కదా, వెంటనే నిలదీస్తుంది: ఇతరుల్ని లేపినవాడు తనని తాను లేపుకోవచ్చుగా? జవాబు ఒక్క వాక్యం. చెరలో ఉన్నవాడు తన కట్లు తాను విప్పుకోలేడు.

తాగుడుతోనో మాత్రలతోనో పోరాడుతున్న భక్తిపరుడైన యూదుడికి ఈ వాక్యం చేరాలని నా కోరిక. అతన్ని తినేసేది వ్యసనం ఒక్కటే కాదు, సిగ్గు. పొద్దున ప్రార్థనలో కట్టుకున్న తెఫిలిన్ (వచనాలున్న చిన్న తోలు పెట్టెలు) పట్టీల గుర్తులు చేతి మీద ఇంకా పోనేలేదు, అప్పుడే మళ్లీ తాగాను, నేనేం భక్తుణ్ణి అనుకుంటాడు. సినగాగులో (ప్రార్థనా మందిరంలో) ఎవరికైనా తెలిస్తే పరువు పోతుందని టెన్షన్. పిల్లల పెళ్లి సంబంధాలు ఏమవుతాయోనని దిగులు. అందుకే ఒంటరిగా, ఇంకా గట్టిగా ప్రార్థిస్తాడు. ప్రార్థన తప్పు కాదు, అది కావాలి. ఒంటరితనమే ప్రమాదం. అతనికి చెప్పేదిదే: మీకంటే ఎంతో గొప్పవాడైన యోహానాన్ కూడా హనీనా చేతి కోసం ఎదురుచూశాడు. అందువల్ల ఆయన భక్తి తగ్గిందని ఎవరూ అనలేదు.

ఈ మాటని జీవితమంతా చేసి చూపించిన మనిషి ఒకరున్నారు. రబ్బీ అబ్రహాం ట్వెర్స్కీ (1930-2021), హసిదీ అనే భక్తి సంప్రదాయపు గురువుల వంశంలో పుట్టి సైకియాట్రిస్టు అయ్యారు. 1972లో పిట్స్‌బర్గ్‌లో గేట్‌వే అనే డీఅడిక్షన్ సెంటర్ స్థాపించారు. మనవాళ్లలో తాగుబోతులుండరు అని యూదులు నమ్ముతున్న రోజుల్లో, ఉన్నారని గడ్డమూ నల్లకోటూ ఉన్న రబ్బీయే బయటికి చెప్పడం చిన్న విషయం కాదు. వ్యసనం నుంచి బయటపడాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చునే పన్నెండు మెట్ల మీటింగులకి వెళ్లమని ప్రోత్సహించారు. ఆ మీటింగులు చాలాచోట్ల చర్చి హాళ్లలో జరుగుతాయని వెనకాడేవాళ్లుంటారు. అలాంటి సందేహం ఉంటే మీ రబ్బీని అడగండి. వెళ్లకపోవడానికి దాన్నే సాకు చేసుకోకండి. ప్రాణం మీదికొస్తే షబ్బత్‌ని (వారాంతపు విశ్రాంతి దినాన్ని) కూడా పక్కనపెట్టమన్న ధర్మం మీది. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణాపాయం కూడా. డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆ ధర్మంలో భాగమే.

మరి షబ్బత్ మొదలయ్యే శుక్రవారం సాయంత్రం? తెల్లటి బట్ట పరిచిన బల్ల, రెండు రొట్టెలు, వెండి గిన్నె అంచుదాకా వైన్, చుట్టూ పిల్లలు. కిద్దూష్ (గిన్నె పట్టుకుని చెప్పే షబ్బత్ స్తుతి) చెప్పే మీ చెయ్యి వణుకుతుంది, ఆ వాసన ఒక్కటి చాలు. తల్మూద్ దీనికి ఏనాడో దారి చూపింది. ద్రాక్షగుత్తిని పిండి, ఆ రసం మీదే కిద్దూష్ చెప్పొచ్చు అంది. పులియని రసంతో చెప్పినా కిద్దూష్ కిద్దూషే. పస్కా పండగ రాత్రి తాగాల్సిన నాలుగు గిన్నెలకీ అదే వాడుకోవచ్చు. ఇంట్లోవాళ్లు అందరి గిన్నెల్లోనూ అదే పోస్తే ఆ పూట ఎవరూ మీ గిన్నె వంక చూడరు.

మధ్యలో జారిపడితే? సామెతల గ్రంథం 24వ అధ్యాయం 16వ వచనం మీకు తెలుసు. నీతిమంతుడు ఏడుసార్లు పడతాడు, లేస్తాడు. పడని మనిషిని ఆ వచనం నీతిమంతుడు అనడం లేదు చూడండి. పడ్డాక కూడా ఆ పేరు తీసెయ్యలేదు.

పొద్దున్నే చెప్పే స్తుతుల్లో ఒకటుంది, 'మత్తీర్ అసూరీమ్', కట్లు విప్పేవాడు అని. మంచం మీద లేచి కూర్చోగానే చెప్పాలంటుంది తల్మూద్. యోహానాన్ కథలోని ఆ వాక్యంలో ఉన్నవీ ఈ మాటలే. చిన్నప్పటినుంచీ రోజూ అంటున్న మాటే, నిద్రమత్తులో గబగబా. రేపు కాస్త నెమ్మదిగా అనండి. అన్నాక ఎవరికి ఫోన్ చేస్తారో, ఆ నంబరు ఈ రాత్రే కాగితం మీద రాసి దిండు పక్కన పెట్టుకోండి.